పిందె కట్టేదాకా

రోజాను చూడాలంటే మనమే వెళ్ళాలి. మామిడి పూత మొదలైందంటే ఆ పిల్ల గేటు దాటి రాదు. పెళ్ళని పిలిచినా రాదు, పంటినొప్పితో బుగ్గ వాచిపోయినా రాదు. డాక్టరు దగ్గరికే రాని మనిషి, బ్లౌజు కొలతలివ్వడానికి నా కొట్టుకి వస్తుందా? టేపు మెళ్ళో వేసుకుని స్కూటీ మీద నేనే పోవాలి. నా నోరు మంచిది కాదని మా ఆయన రోజూ అంటూనే ఉంటాడు. అందుకే ముందే చెబుతున్నాను, ఈ సంగతి శాంతంగా చెప్పడం నా వల్ల కాదు.

నా పేరు అక్షయ. ఆగిరిపల్లి సెంటర్లో లేడీస్ టైలరింగ్ కొట్టు నాది. రోజా, నేను నూజివీడులో డిగ్రీ కలిసి చదివాం. జువాలజీ ల్యాబులో బొద్దింకను చూసి నేను బెంచీ ఎక్కితే, అది దాన్ని అరచేతిలో పెట్టుకుని "ఇదిగో, కాళ్ళ మీద వెంట్రుకలు చూడవే, ఎంత బాగున్నాయో" అనేది. పురుగుల పిచ్చిది. పీజీ చేస్తానంది. విస్సన్నపేటలో వాళ్ళ నాన్న సరేనన్నాడు కూడా. అంతలో ఆనంద్ బాబు సంబంధం వచ్చింది. మంచి తోట, మంచి ఇల్లు, మంచి మనుషులు. మనుషులు నిజంగానే మంచివాళ్ళండీ, అదే నా ఏడుపు. చెడ్డవాళ్ళయితే నాలుగు తిట్టి, ఎప్పుడో దాన్ని బయటికి లాక్కొచ్చేదాన్ని.

వాళ్ళ ఇల్లు తోట మధ్యలో ఉంటుంది. ముందు వైపు బంగినపల్లి, వెనక పడమటి వైపు చిన్నరసాలు, చుట్టూ కంచె, రోడ్డు మీదికి ఒక ఇనప గేటు. ఇంట్లో అత్తగారు వెంకాయమ్మ గారు, ఆనంద్ బాబు, అతని తమ్ముడు రవితేజ, మన రోజా. మామగారు రోజా పెళ్ళికి ముందే పోయారు. ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. చుట్టుపక్కల ఇంకే ఇంట్లోనూ లేదు, నేను వాకబు చేశాను. పూత కనపడ్డ రోజు నుంచి పిందె గోలీకాయంత అయ్యేదాకా ఆ ఇంటి కోడలు గేటు దాటకూడదు. తోటలో ఎంతదూరమైనా తిరగొచ్చు. గేటు మాత్రం దాటకూడదు.

ఈ కట్టుబాటు పెట్టింది ఏ ముత్తాతో కాదు, వెంకాయమ్మ గారే. ఆవిడ కొత్తకోడలుగా ఉన్నప్పుడు, తోట నిండా పూత మీదున్న రోజుల్లో, తమ్ముడి పెళ్ళని పుట్టిల్లు బాపులపాడు వెళ్ళారట. తిరిగొచ్చేసరికి మంచు దిగింది. పురుగు పట్టి, పూత మీద మసి కమ్మి, చెట్లన్నీ పొయ్యిలోంచి తీసినట్టు నల్లగా నిలబడ్డాయట. ఆవిడ అత్తగారు ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది. ఏమీ అనకపోయేసరికి ఈవిడ తనకు తానే శిక్ష వేసుకున్నారు. తర్వాత రోజా వస్తే, అదే శిక్షను చీర కొంగులో ముడివేసి అప్పజెప్పారు.

"నువ్వెలా ఒప్పుకున్నావే? జువాలజీ చదివినదానివి!" అని పెళ్ళయిన కొత్తలో అరిచాను.

"చిన్నదే కదే. ధనుర్మాసంలో పూత, శివరాత్రికల్లా పిందె. పెద్దావిడ మనసు కష్టపెట్టి నేను సాధించేదేంటి?" అంది.

అప్పట్లో నిజంగా చిన్నదే. ఇప్పుడలా కాదు. చలి సరిగా పడడం లేదు. సంక్రాంతికి ముందు ఒక కొమ్మ పూస్తుంది, పక్క కొమ్మ ఎర్రగా చిగురేస్తుంది. అది పిందె కట్టిందిరా బాబూ అనుకునేసరికి, పడమటి వైపు చెట్లు తీరిగ్గా నిద్ర లేచి మళ్ళీ పూత మొదలెడతాయి. రైతుల తల ప్రాణం తోకకొస్తోంది. రోజాకి మాత్రం జైలు పొడిగింపు. ఏటికేడూ పెరుగుతూ, డిసెంబరులో గేటు వేసుకుంటే మార్చి సగానికి గానీ తెరుచుకోని స్థితికి వచ్చింది.

అలాంటి ఒక చలికాలం పొద్దున, నేను కొట్టు తెరుస్తుంటే వాట్సాప్‌లో ఫొటో పెట్టింది. బోరు మోటారు షెడ్డు పక్కనున్న నిమ్మచెట్టు మీద అరచెయ్యంత సీతాకోకచిలుక. నల్లటి ముఖమల్ మీద నీలం అద్దినట్టుంది.

"ఇది మన వైపుది కాదే. నేనెప్పుడూ చూళ్ళేదు," అంది ఫోన్లో. దాని గొంతులో ఆ హుషారు విని ఎన్నాళ్ళయిందో!

"ఆ రంగు బ్లౌజు పీసుంటే నా మొహాన పారెయ్, కుట్టిపెడతా," అన్నాను.

"ఛీ, నీకన్నీ గుడ్డలే!"

విజయవాడలో ఏదో కాలేజీలో జువాలజీ చెప్పే ఉదయశంకర్ గారు సీతాకోకచిలుకల గ్రూపు ఒకటి నడుపుతారు. రోజా అందులో ఉంది. ఆయన ఫొటో చూసి వెంటనే ఫోన్ చేశారు. దాన్ని బ్లూ మార్మన్ అంటారట. దక్షిణాన వానలు పడే కొండల వైపుదట. కొన్నేళ్ళుగా మెల్లమెల్లగా ఉత్తరానికి జరుగుతోందట. "మీ వైపు ఎగురుతుంటే ఒకరిద్దరు చూశారమ్మా. గుడ్లు పెడుతోందేమో కాస్త ఓ కన్నేసి ఉంచండి," అన్నారాయన.

ఓ కన్నేంటి, రెండు కళ్ళూ వేసింది. నిమ్మ ఆకుల మీద గుడ్లు చూసింది. పురుగు పుట్టింది, అచ్చం కాకిరెట్టలా ఉండేది. అది ఆకులు తిని పచ్చగా లావెక్కింది. కొమ్మకు దారంతో నడుం కట్టుకుని గూడయింది. గూడు చీల్చుకుని, తడి రెక్కలతో వేలాడుతూ నీలం పిల్ల బయటికొచ్చింది. అన్నీ ఫొటోలు, వీడియోలు తీసి పంపింది. ఆయన మురిసిపోయారు. "గుడ్డు నుంచి రెక్కల దాకా ఒకే చెట్టు దగ్గర ఒక్క రోజు తప్పకుండా చూసినవాళ్ళు మాలో ఎవరూ లేరమ్మా. మీకంత ఓపిక ఎలా వచ్చింది?" అని అడిగారట.

ఓపికంట, ఓపిక! ఎక్కడికి పోతుంది గనక? పాపం ఆయనకేం తెలుసు.

రవితేజ ట్రాక్టరు మీద ట్యాంకు పెట్టుకుని పూతకి మందు కొడుతున్న రోజు, నిమ్మచెట్టు మీది పురుగులు చచ్చిపోతాయని రోజా నాకు ఫోన్ చేసి ఒకటే గాబరా. నా కొట్లో హాఫ్ శారీలకి వాడే నెట్ గుడ్డ తానుంటే, ఒక కవరు నిండా కుక్కుకుని పరిగెత్తాను. ప్లాస్టిక్ పట్టా కప్పి, దాని మీద నెట్ బిగించి, ఇద్దరం నిమ్మచెట్టుకి ముసుగేశాం. అంత సంబడం చూసి రవితేజ ట్రాక్టరాపి, "ఏంటి వదినా, నిమ్మచెట్టుకి పెళ్ళా?" అని నవ్వాడు. వెంకాయమ్మ గారూ నవ్వారు. తాళ్ళు చాలకపోతే ఆవిడే తన పాత చీర అంచు చింపిచ్చారు. అందుకే అన్నాను, మంచివాళ్ళని.

ఆ రోజు నిమ్మచెట్టు కింద కూర్చుని రోజా ఒక మాట అంది. "చూడవే, చలి తగ్గబట్టి ఇది ఇంత దూరం రాగలిగింది. ఆ చలి తగ్గబట్టే పూత ఒక్కసారిగా రావట్లేదు. దానికి దారి తెరిచిందీ, నాకు గొళ్ళెం పెట్టిందీ ఒకటే." నవ్వుతూనే అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

జనవరి చివర్లో ఉదయశంకర్ గారు అసలు కబురు పంపారు. ఈ సీతాకోకచిలుక ఎక్కడిదాకా వెళ్ళిందో చూడటానికి ఫిబ్రవరిలో సర్వే పెట్టారు. ఆగిరిపల్లిలో మొదలెట్టి, నూజివీడు, విస్సన్నపేట, ఆపైన ఇంకా ఉత్తరానికి, ఊరూరా నిమ్మచెట్లూ దబ్బచెట్లూ వెతుక్కుంటూ పోవాలి. పురుగునీ గూడునీ చూడగానే గుర్తుపట్టే మనిషి కావాలి. రోజా రావాలి. సర్వే అయ్యాక కాలేజీ ల్యాబులో ఉద్యోగం, పక్కనే పీజీ చదువుకోవచ్చు. అయితే మొదటి రోజు నుంచీ ఉండాలి, మధ్యలో చేరితే కుదరదు.

ఇదంతా రోజా ఫోన్లో చెబుతుంటే నేను మిషను ఆపి లేచి నిలబడ్డాను. "ఒసేయ్, నేను దింపుతా. రోజూ దింపుతా, రోజూ తెస్తా. కొట్టు మూసేస్తా కావాలంటే!"

"పూత ఉందిగా," అంది.

"ముందు పూత పిందె పడిందిగా?"

"పడింది. బఠాణీ గింజంత ఉన్నాయి. సర్వే నాటికి గోలీకాయంత అవుతాయి. పడమటి చెట్లు మళ్ళీ పూయకపోతే వెళ్ళొచ్చు."

పడమటి చెట్లు! ఒక ఆడపిల్ల చదువు, ఉద్యోగం, బతుకు అన్నీ తీసుకెళ్ళి చిన్నరసాల చెట్ల చేతిలో పెట్టారు. ఆనంద్ బాబుని గేటు దగ్గర పట్టుకుని అడిగేశాను. "ఏమండీ, మీరైనా చెప్పరా ఆంటీకి?"

అతను నీళ్ళు నమిలాడు. "నాకేం అభ్యంతరం లేదండీ అక్షయ గారూ. రోజా ఇష్టం. అమ్మ ఇష్టం."

"మీ ఇష్టమేంటి?"

"నాదేముందండీ," అన్నాడు. ఆ మనిషికి అంతకు మించి మాట రాదు.

ఆ వారం రోజా తెల్లారి లేవగానే పడమటి వైపు వెళ్ళి కొమ్మల చివర్లు చూసేది. మొగ్గ ఉబ్బుతోంది. అది విచ్చితే పూత కావచ్చు, చిగురు కావచ్చు. విచ్చేదాకా ఎవరికీ తెలియదు. మామిడి రైతు ఇంటి కోడలు, పూత రాకూడదని దేవుడికి దణ్ణం పెట్టుకుంది. నాకు చెప్పి ఏడ్చింది కూడా. "చూడవే, తిండి పెట్టే చెట్టుకి పూత వద్దని కోరుకుంటున్నా. నాకంటే పాపిష్ఠిది ఉంటుందా?"

"నోర్ముయ్. నువ్వు పాపిష్ఠిదానివైతే మేమంతా ఏంటి?" అన్నాను. నాకూ ఏడుపొచ్చింది.

మొగ్గ విచ్చింది. పూతే. పడమటి చెట్లు చిటారు దాకా పూసి, తేనెటీగలు రొద పెడుతుంటే చూసినవాళ్ళంతా ఎంత బాగుందో అన్నారు. నాకు గొడ్డలి పుచ్చుకోవాలనిపించింది.

సర్వేకి ఇంకా రెండ్రోజులుందనగా ఇక ఆగలేక వెళ్ళాను. వెంకాయమ్మ గారు వసారాలో చింతపండు పిక్క తీస్తున్నారు. రోజా పక్కనే కూర్చుంది.

"ఆంటీ, ఒక్క మాట అడుగుతా, తిట్టుకోకండి. రోజా వెళ్తే చెట్లకేమవుతుందండీ? దాని కాళ్ళకీ ఆ పూతకీ ఏంటి సంబంధం?"

నన్ను తిట్టి పంపిస్తారనుకున్నాను. ఆవిడ చింతపండు పక్కన పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకున్నారు.

"వెళ్ళాలనుంటే వెళ్ళమ్మా రోజా. గేటుకి తాళం లేదు. ఎప్పుడూ లేదు," అన్నారు. గేటు వైపు చూస్తూ, "మా అమ్మ పోయినప్పుడు కూడా లేదు," అన్నారు.



"అమ్మకి బాగోలేదని బాపులపాడు నుంచి తమ్ముడు బండేసుకుని వచ్చాడు. అప్పుడూ ఇలాగే పూత మీదుంది. మీ మావయ్య వెళ్ళమన్నారు. మా అత్తగారు కూడా వెళ్ళమన్నారు. అంతా వెళ్ళమన్నవాళ్ళే. పిందె పడ్డాక వస్తానని చెప్పి తమ్ముణ్ణి పంపించేశాను. అమ్మ ఆగలేదు. పాడె ఎత్తే రోజునా పోలేదు. పెద్దకర్మకి పోయాను, అప్పటికి పిందె కట్టింది."  "ఆ ఏడు కాసినట్టు తోట మళ్ళీ ఎన్నడూ కాయలేదమ్మా. కాయ బరువుకి విరక్కుండా కొమ్మలకి పోట్లు పెట్టాం. ఒక్క పండు నా నోట్లోకి పోలేదు. కాని నేను ఊరికే కూర్చోలేదు, నా వల్లే కాసింది అని, అదొక్కటి పట్టుకుని ఉన్నా. ఇప్పుడు అదేం లేదు, అంతా ఉత్తదే అంటే... చెప్పమ్మా అక్షయా, నేను మా అమ్మని ఎందుకు చూళ్ళేదు?"

  రోజా ఆవిడ చెయ్యి పట్టుకుని, "నేనెక్కడికీ వెళ్ళట్లేదు అత్తయ్యా," అంది. 

సర్వే రోజు వాళ్ళ వ్యాను తోట ముందే ఆగింది. ఉదయశంకర్ గారు, నలుగురైదుగురు స్టూడెంట్లు దిగారు. నిమ్మచెట్టు చూసి, గూళ్ళు చూసి, టీ తాగారు. ఆరోగ్యం బాగోలేదని చెప్పింది రోజా. ఆయన ఇంకేమీ అడగలేదు. వాళ్ళు వెళ్ళేటప్పుడు రోజా గేటు దాకా వెళ్ళి, గూడు ఆకు అడుగున కాదు, ఎండు కొమ్మ మీద వెతకాలని ఆ పిల్లలకు మరీ మరీ చెప్పింది. వ్యాను నూజివీడు వైపు తిరిగింది. సాయంత్రానికి వాళ్ళు రోజా పుట్టింటి ఊళ్ళో, విస్సన్నపేటలో, ఒకరి పెరట్లో ఆ సీతాకోకచిలుకను పట్టుకుని ఫొటో పెట్టారు. అది మనకంటే ముందే వెళ్ళిపోయిందే అంటూ రోజా నాకు పంపింది. 

తర్వాత మంచు దిగింది. ఆ కాలంలో ఎవరూ అనుకోని మంచు. పొద్దెక్కేదాకా పక్కచెట్టు కనపడలేదు. మంచు వెనకే పురుగు, పురుగు వెనకే మసి. రవితేజ ఎన్ని ట్యాంకులు మందు కొట్టినా ఆగలేదు. పడమటి వైపు పూత మొత్తం నల్లబడి, ముట్టుకుంటే పొడిలా రాలింది. రోజా గేటు దాటలేదు. అయినా పోయింది.

నాకు తెలిసి ఎవరి తోట నష్టానికీ నేను సంతోషించలేదు. ఆ రోజు మాత్రం, నిజం చెబుతున్నా, స్కూటీ మీద పోతూ లోలోపల ఎగిరి గంతేశాను. కట్టుబాటు చచ్చింది! ఇక ఏ మొహం పెట్టుకుని గేటు వేస్తారో చూద్దామనుకున్నాను.

వసారాలో వెంకాయమ్మ గారు రోజా రెండు చేతులూ తన ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. కళ్ళ నీళ్ళు కారుతున్నాయి. "నువ్వు ఉండబట్టి ముందు పూతైనా దక్కింది తల్లీ. నువ్వూ నాలాగే వెళ్ళుంటే ఆ పిందె కూడా రాలిపోయేది. ఈ ఇంటిని నిలబెట్టావు," అంటున్నారు. ఆనంద్ బాబు పక్కన నిలబడి తల ఊపుతున్నాడు.

ఓరి దేవుడో, అనుకున్నాను. పూత నిలబడితే కోడలు ఉండబట్టి, పోతే కోడలు ఉండబట్టి మొత్తం పోలేదు. దీన్ని ఏ దారిన గెలుస్తాం?

రోజాను నిమ్మచెట్టు దగ్గరికి లాక్కెళ్ళి ఎడాపెడా తిట్టాను. "వింటూ కూర్చున్నావా? అబద్ధమని నీకు తెలీదా? నీ కళ్ళ ముందే తేలిపోలేదా?"

అది నిమ్మచెట్టుకి వేలాడుతున్న చీర అంచు ముడి విప్పింది. తర్వాత, "తెలుసే," అంది. "కానీ అబద్ధమైతే నేను ఎందుకు ఉండిపోయినట్టు?"

 అత్తగారి మాట అది, కోడలి నోట్లోంచి వచ్చింది.

మార్చి నెలాఖరుకి రవితేజకి సంబంధం కుదిరింది. పిల్ల పేరు కీర్తిప్రియ. హనుమాన్ జంక్షన్‌లో ఏదో ప్రైవేటు బ్యాంకులో పనిచేస్తోంది. కాయ నిమ్మకాయంత అయ్యాక పెట్టుకున్న నిశ్చితార్థానికి రోజా కూడా వెళ్ళింది, అందరితో పాటు నవ్వింది. ఆ తర్వాత ఒక సాయంత్రం పెళ్ళి బ్లౌజు కొలతలు తీసుకుంటూ నేను వాళ్ళింట్లో ఉండగా, ఆ పిల్ల రోజాకి ఫోన్ చేసింది. రోజా చేతులు చాచి నిలబడి ఉంది గనక, స్పీకరులో పెట్టాను.

"అక్కా, మిమ్మల్ని ఒకటి అడగాలి. రవి ఏదో పూత కట్టుబాటు అంటున్నాడు. డిసెంబరు నుంచి మార్చి దాకా అంటే నాకు బ్యాంకులో సెలవెవరిస్తారక్కా? ఉద్యోగం మానెయ్యాల్సిందే. మీరు చదువుకున్నవాళ్ళు, మీరే చెప్పండి. ఇదంతా ఉత్తదే కదా? మీరు ఉత్తదే అంటే నేను ధైర్యంగా మాట్లాడతా."

నేను టేపు వదిలేసి రోజా మొహంలోకి చూశాను. అనవే, ఉత్తదే అను, ఒక్క ముక్క అని చావు అని పెదాలతో చెప్పాను. చేతులు జోడించాను. రోజా నా వైపు చూడలేదు. చాచిన చేతులు మెల్లగా దించింది.

"ఉత్తదేం కాదమ్మా," అంది. "పిందె కట్టేదాకే కదా. మొదట్లో కష్టంగా ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది. నేను లేనూ తోడు?"



"మీరే అలా అంటే ఇంకేముందక్కా," అంది కీర్తిప్రియ. "రేపు బ్యాంకులో చెప్పేస్తాను."